కార్డులో ఉందనుకొన్నాము



ఈ శీర్షికలో ప్రతి నెలా పిల్లల చదువు గురించి, ఇంటిల్లిపాది నడవడి గురించి నాలుగు మాటలు రాస్తుంటాము. ఈ నెల రాయబోయేది గోరంత వస్తువు గురించి. గోరంత అన్నది మాట వరసకు కాదు. ఆ వస్తువు పొడవు 15 మిల్లీమీటర్లు, వెడల్పు 11 మిల్లీమీటర్లు. పేరు మైక్రో ఎస్‌డీ కార్డు. ఫోన్లలో వేసుకొంటాము కనుక అందరమూ ఎరిగినదే. పిల్లలు చేతిలో పట్టుకొని ఆడుకొనే ఆట యంత్రంలో కూడా దానిని వేస్తారు. ఆ కార్డు విషయంలో మా ఇంట్లో ఒక పొరపాటు జరిగింది. చేసినది పిల్లలు కాదు, మేమే. అటువంటి యంత్రం ఉన్న మరో ఇంట్లో అదే పొరపాటు జరగకూడదని దీనిని రాస్తున్నాము.

పిల్లలు ఇటువంటి ఆటలు ఆడవచ్చునా, ఆడితే ఎంతసేపు అన్న చర్చను ఇక్కడికి తీసుకురాము. అది వేరే సంగతి. యంత్రం ఇప్పటికే ఇంట్లోకి వచ్చిన కుటుంబాల కోసం ఈ మాటలు.

అసర్ తరువాతి అరగంట

మా అల్లుడు దమ్మామ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. నాలుగేళ్ళ క్రితం సెలవుకు వచ్చినప్పుడు పిల్లల కోసం నింటెండో స్విచ్ అనే ఆట యంత్రం తెచ్చాడు. అప్పటికి మనవరాలికి ఎనిమిదేళ్ళు, మనవడికి ఐదేళ్ళు. అసర్ నమాజు తరువాత అరగంట మాత్రమే అని ఇంట్లో నియమం పెట్టుకొన్నాము. ఆ నియమాన్ని అమలు చేసే బాధ్యత మా శ్రీమతి తీసుకొన్నారు.

మనవరాలు ఆడినది ‘యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్’ అనే ఆట. 2020 మార్చిలో వెలువడింది. అందులో కాల్పులు లేవు, పరుగు పందేలు లేవు. ఒక ద్వీపం ఉంటుంది. అక్కడ చెట్లు నాటాలి, చేపలు పట్టాలి, ఇల్లు కట్టుకోవాలి. ఇంటికి అప్పు కూడా ఇస్తారు. దానికి గడువు లేదు, వడ్డీ అసలే లేదు. ఆ సంగతి మనవరాలు చెప్పినప్పుడు మేము నవ్వి, ‘అట్లాంటి ఊరు ఎక్కడుందమ్మా’ అని అడిగాము. ఆ ద్వీపంలో కాలం మన గడియారంతో పాటే నడుస్తుంది. ఇక్కడ తెల్లవారితే అక్కడా తెల్లవారుతుంది. ఈ రోజు నాటిన మొక్క కొన్ని రోజులు ఆగితే గాని ఎదగదు.

అరగంట చూసి యంత్రం లాక్కోవడానికి కూర్చొన్న మా శ్రీమతి, కొన్నాళ్ళకు పూల మొక్కల దగ్గర సలహాలు ఇవ్వడం మొదలుపెట్టారు. ఆమెకు ఇంటి వెనుక గులాబీలు పెంచిన అనుభవం ఉంది. ఆ ఆటలో ఎర్ర గులాబీల పక్కన ఎర్ర గులాబీలు నాటి రోజూ నీరు పోస్తే, ఎప్పుడో ఒకనాడు నల్ల గులాబీ పూస్తుంది. దాని కోసం నానీ, మనవరాలు రోజులు లెక్కపెట్టుకొన్నారు. పూసిన నాడు మమ్మల్ని పుస్తకాల దగ్గర నుండి లేపి చూపించారు. ఏ వరుసలో ఏ రంగు ఉండాలో అంతా నానీ చెప్పినదే.

రెండేళ్ళ క్రితం మా శ్రీమతి అల్లాహ్ సన్నిధికి చేరుకొన్నారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. ఆ తరువాత కూడా మనవరాలు అసర్ తరువాతి అరగంటలో ఆ తోటకు నీరు పోస్తూనే ఉంది. ఆ సంగతి మాకు తెలియదు. మేము అడగలేదు.

మేము చేసిన పని

గత షాబాన్ నెలలో యంత్రం తెర మీద స్థలం చాలదన్న సందేశం రాసాగింది. అల్లుడు తెచ్చిన స్విచ్‌లో లోపలి నిల్వ 32 జీబీ. అందులో యంత్రం తన అవసరాలకు కొంత ఉంచుకోగా మనకు మిగిలేది సుమారు 26 జీబీ. పెద్ద ఆట ఒక్కటే 13 జీబీ, అంతకంటే ఎక్కువ కూడా ఉండవచ్చు. పక్కన వేసిన 32 జీబీ కార్డు కూడా నిండిపోయింది. మనవడు కొత్త ఆట ఎక్కడం లేదని ఏడుపు మొహంతో వచ్చాడు.

మేము మా తమ్ముడి కుమారుడికి ఫోన్ చేశాము. మా కుటుంబంలో ఇటువంటి యంత్రాల సంగతి మొదట తెలిసినవాడు అతడే. చిన్నప్పుడు అతని దగ్గర సోనీ వారి పీఎస్‌పీ ఉండేది. అతడు ఎంతో నమ్మకంగా చెప్పాడు: ‘బడే అబ్బా, మీరేమీ దిగులు పడకండి. ముందు కార్డు తీసి జాగ్రత్తగా పక్కన పెట్టండి. పిల్లలు ఆడినదంతా అందులోనే ఉంటుంది. యంత్రాన్ని మొత్తం చెరిపేసి కొత్తదానిలా చేసుకోండి. తరువాత కార్డు పెడితే అన్నీ వచ్చేస్తాయి.’

మనవరాలు బడిలో ఉంది. ఆమె వచ్చేవరకు ఆగుదామన్న ఆలోచన మాకు రాలేదు. కార్డు తీసి అత్తరు డబ్బాలో దాచాము. మనవడు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, సిస్టమ్ అన్న చోట, ఫార్మాటింగ్ ఆప్షన్స్‌లో ‘ఇనిషియలైజ్ కన్సోల్’ అన్నది చూపించాడు. ఆంగ్లంలో ఏదో హెచ్చరిక వచ్చింది. మేము దానిని చదవలేదు. ‘సరే నొక్కు’ అన్నాము. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పాఠంలో ఒక్క అక్షరం కూడా వదలకుండా చదవమని చెప్పేవాళ్ళము మేము.

సాయంత్రం కార్డు మళ్ళీ పెడితే ఏదీ తిరిగి రాలేదు. ఆటలు మళ్ళీ దించుకోవలసి వచ్చింది. దించుకొన్న తరువాత అవి మొదటి రోజున ఉన్నట్టే తెరుచుకొన్నాయి. ద్వీపం లేదు. నాలుగేళ్ళ తోట లేదు.

మనవరాలు గట్టిగా ఏడవలేదు. ‘నానా, నానీ గులాబీలు కార్డులో లేవా?’ అని మాత్రం అడిగింది. అప్పుడు మేమన్న మాట ఇది: ‘ఆటే కదమ్మా.’ చెరిపేయడం తెలియక చేసిన పొరపాటు. ఈ మాట మాత్రం తెలిసి అన్నదే.

దాచుకొనే చోటు మారుతూ వచ్చింది

తరువాత విచారించి తెలుసుకొన్నాము. మా తమ్ముడి కుమారుడు అబద్ధం చెప్పలేదు. అతడు చెప్పినది అతని యంత్రం విషయంలో నిజం. మా యంత్రం విషయంలో కాదు.

చేతిలో పట్టుకొని ఆడే యంత్రాలలో ‘ఎంతవరకు ఆడాము’ అన్న గుర్తు ఎక్కడ ఉంటుందన్నది తరం తరానికీ మారింది. 1989లో వచ్చిన నింటెండో గేమ్‌బాయ్‌లో ఆ గుర్తు ఆట ఉండే కార్ట్రిడ్జిలోనే ఉండేది. దానిని నిలబెట్టడానికి చాలా కార్ట్రిడ్జిలలో చిన్న బ్యాటరీ కూడా అమర్చేవారు. ఆ బ్యాటరీ అయిపోతే గుర్తు కూడా పోయేది. కార్ట్రిడ్జి స్నేహితునికి ఇస్తే మన ఆట కూడా అతనితో వెళ్ళిపోయేది.

2004 డిసెంబరులో జపాన్‌లో విడుదలైన పీఎస్‌పీలో పద్ధతి వేరు. ఆట యూఎండీ అనే చిన్న బిళ్ళలో వచ్చేది. ఆ బిళ్ళ మీద మనం ఏమీ రాయలేము. అందుకని ఆడిన గుర్తులన్నీ మెమొరీ స్టిక్ డ్యుయో అనే కార్డులో చేరేవి. ఆ కార్డును కంప్యూటరుకు తగిలిస్తే సేవ్‌డేటా అన్న ఫోల్డరు కనిపించేది. దానిని కాపీ చేసి పెట్టుకొంటే చాలు, అంతా భద్రం. మా తమ్ముడి కుమారుడు నేర్చుకొన్న పాఠం ఇదే.

2017 మార్చి 3న విడుదలైన స్విచ్‌లో ఇది పూర్తిగా తలకిందులైంది. కార్డులోకి దించుకొన్న ఆటలు వెళతాయి, వాటి అప్‌డేట్లు వెళతాయి, ఆడుతూ తీసిన చిత్రాలు, వీడియోలు వెళతాయి. ఆడిన గుర్తు మాత్రం కార్డులోకి వెళ్ళదు. అది ఎప్పుడూ యంత్రం లోపలి నిల్వలోనే ఉంటుంది. దుకాణంలో కొన్న ఆట కార్ట్రిడ్జిలో కూడా ఉండదు. చిన్నదైన స్విచ్ లైట్, 2021 అక్టోబరులో వచ్చిన ఓఎల్ఈడీ రకం, రెండింటికీ ఇదే నియమం.

మదరసాలో హిఫ్జ్ చెప్పేవాళ్ళము కనుక మాకు ఇది ఒక పోలికతో అర్థమైంది. విద్యార్థి దగ్గర ముస్‌హఫ్ ఉంటుంది. అది చినిగిపోతే, తడిసిపోతే బజారుకు వెళ్ళి మరొకటి తెచ్చుకోవచ్చు. కాని అతడు రోజూ సబక్ అప్పజెప్పి, సబకీ తిప్పి, మంజిల్ చదివి గుండెలో నిలుపుకొన్నది ఏ బజారులోనూ దొరకదు. స్విచ్‌లో కార్డు బీరువా వంటిది. అందులో ఉండేది మళ్ళీ తెచ్చుకోగల సరుకు. ఆ బిడ్డ నాలుగేళ్ళ శ్రమ యంత్రం గుండెలో ఉంది. మేము బీరువాను భద్రపరచి గుండెను తుడిచేశాము.

చేయవలసినది ఏమిటి

స్థలం చాలనప్పుడు చేయవలసిన పని చాలా చిన్నది. ఆట బొమ్మ మీద నిలిచి ప్లస్ గుర్తు నొక్కితే ‘మేనేజ్ సాఫ్ట్‌వేర్’ వస్తుంది. అందులో ‘ఆర్కైవ్’ అన్నది ఎంచుకొంటే ఆట మాత్రమే తొలగి స్థలం ఖాళీ అవుతుంది. ఆడిన గుర్తు అలాగే ఉంటుంది. మళ్ళీ ఎప్పుడైనా ఆటను దించుకొని వదిలిన చోటు నుండి కొనసాగించవచ్చు. లోపలి నిల్వలో ఉన్న ఆటను కార్డులోకి మార్చే వీలు కూడా ‘డేటా మేనేజ్‌మెంట్’లో ఉంది. ఆ వీలు 2020 ఏప్రిల్ నాటి అప్‌డేటుతో వచ్చింది. ఆటను తొలగించినంత మాత్రాన గుర్తు పోదు. గుర్తును పనిగట్టుకొని చెరిపితే పోతుంది. ఆ బిడ్డ పేరున్న యూజరును తీసేస్తే పోతుంది. మేము చేసినట్టు యంత్రాన్నంతా ఇనిషియలైజ్ చేస్తే పోతుంది. ఈ మూడింటినీ ఇంట్లో పెద్దలు గుర్తుపెట్టుకోవాలి.

పెద్ద కార్డు కొనుక్కొంటే పాత కార్డులోని సరుకును మార్చుకోవచ్చు. ముందు యంత్రాన్ని పూర్తిగా ఆపాలి. తెర చీకటి కావడం ఆగిపోవడం కాదు, అది నిద్ర మాత్రమే. పవర్ బొత్తాన్ని మూడు సెకన్లు నొక్కి పట్టుకొంటే ఆపే వీలు వస్తుంది. కార్డు ఉండే చోటు యంత్రం వెనుక, నిలబెట్టే కాలు కింద ఉంటుంది. స్విచ్ లైట్‌లో అడుగు అంచున చిన్న మూత కింద ఉంటుంది. కార్డు తీసి కంప్యూటరుకు పెడితే ‘నింటెండో’ అన్న ఫోల్డరు కనిపిస్తుంది. దానిని కంప్యూటరులోకి, అక్కడి నుండి కొత్త కార్డులోకి కాపీ చేస్తే సరిపోతుంది.

ఇద్దరు పిల్లలకు రెండు స్విచ్‌లు ఉన్న ఇళ్ళలో మరొక జాగ్రత్త. ఒక స్విచ్‌లో ఆటలు నింపిన కార్డు రెండవ స్విచ్‌లో పనిచేయదు. అందులో వాడుకోవాలంటే ఫార్మాట్ చేయవలసి వస్తుంది. తమ్ముడు తొందరపడి ‘సరే’ నొక్కితే అక్క కార్డు ఖాళీ అవుతుంది. ఆట కార్ట్రిడ్జిని మాత్రం ఇద్దరూ మార్చి మార్చి వాడుకోవచ్చు. ఎవరు ఆడిన గుర్తు వారి యంత్రంలో ఉంటుంది.

యంత్రాన్ని అమ్మే ముందు, బంధువులకు ఇచ్చే ముందు, బాగుచేయడానికి పంపే ముందు ఆ గుర్తులను ఎక్కడికి మార్చాలన్నది చూసుకోవాలి. పక్కన మరొక స్విచ్ ఉంటే ‘ట్రాన్స్‌ఫర్ యువర్ సేవ్ డేటా’ ద్వారా పంపవచ్చు. 2018 సెప్టెంబరు నుండి నింటెండో వారి చందా సేవలో దూరపు సర్వర్లలో భద్రపరిచే ఏర్పాటు కూడా ఉంది. అయితే అన్ని ఆటలూ దానిలోకి రావు. మా మనవరాలి ద్వీపం వంటిది ఈ మామూలు పద్ధతులలో ఇమడదు. మరొక స్విచ్‌కు మార్చాలంటే దాని కోసమే ఉన్న వేరే ఉపకరణం దించుకోవాలి. సర్వరులో భద్రపరచాలంటే ఆటలోనే ‘ఐలాండ్ బ్యాకప్’ అన్నది విడిగా పెట్టుకోవాలి, చందా కూడా ఉండాలి. మా ఇంట్లో ఇవేవీ లేవు.

కొలతలో మోసం

ఆ సంఘటన తరువాత, ఇకపై స్థలం గొడవే రాకూడదని పట్నంలో ఒక దుకాణానికి వెళ్ళి పెద్ద కార్డు కొన్నాము. దాని మీద 1 టీబీ అని రాసి ఉంది. ధర ఆరు వందల రూపాయలు. అంత నిల్వ గల అసలైన కార్డు వేల రూపాయలు చేస్తుంది. చవకగా దొరికిందని సంతోషించాము. అక్కడే అనుమానించవలసింది.

మా మదరసాలో కంప్యూటరు చెప్పే యువ ఉస్తాదు దానిని చూసి నవ్వాడు. హెచ్‌టూటెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ఉపకరణంతో పరీక్షించాడు. ఆ ఉపకరణం చేసే పని ధాన్యం బస్తాను కుమ్మరించి మళ్ళీ కొలవడం వంటిది. కార్డు నిండా సమాచారం రాసి, రాసినది రాసినట్టు ఉన్నదా అని తిరిగి చదువుతుంది. లైనక్స్, మ్యాక్ కంప్యూటర్లకు ఎఫ్‌త్రీ అన్న మరొకటి ఉంది. పరీక్ష పూర్తయ్యేసరికి మా కార్డులో నిజంగా ఉన్నది 30 జీబీ కూడా లేదని తేలింది.

ఈ మోసం ఎలా జరుగుతుందంటే, ప్రతి కార్డులో నిల్వ చేసే భాగంతో పాటు దానిని నడిపే చిన్న కంట్రోలరు ఉంటుంది. ‘నీలో ఎంత చోటుంది’ అని యంత్రం అడిగితే జవాబు చెప్పేది అదే. మోసగాళ్ళు ఆ కంట్రోలరుకు అబద్ధం నేర్పుతారు. ఉన్నది కొద్దిగా అయినా అది 1 టీబీ అని చెబుతుంది. మొదట పెట్టిన ఆటలు చక్కగా నడుస్తాయి. అసలు చోటు నిండిన తరువాత రాసినదంతా గాలిలో కలుస్తుంది, లేదా పాతదాని మీద పడి దానిని కూడా పాడు చేస్తుంది. కొన్న నాడు తెలియదు, నెలల తరువాత తెలుస్తుంది. అప్పటికి రసీదు ఉండదు.

అయితే ఒక తేడాను మోసం అనుకోకూడదు. 512 జీబీ అని రాసిన మంచి కార్డును కంప్యూటరుకు పెడితే సుమారు 477 అని చూపవచ్చు. తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తాడు, కంప్యూటరు 1024 చొప్పున లెక్కిస్తుంది. సరుకు అంతే, మానిక వేరు. 512 అని చెప్పి 30 ఇవ్వడం మాత్రం పచ్చి దగా.

దివ్యఖుర్ఆన్‌లో కొలతలో తగ్గించి ఇచ్చేవారి పేరుతోనే ‘అల్ ముతఫ్ఫిఫీన్’ అనే సూరా ఉంది. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు కుప్పలోకి చేయి పెట్టి, పైన పొడిగా ఉండి లోపల తడిగా ఉన్నదని గమనించి, ఆ వ్యాపారిని మందలించిన సంఘటన హదీసు పాఠాలలో పిల్లలకు చెబుతూనే ఉంటాము. ఈ కార్డు కూడా ఆ కుప్ప వంటిదే. దుకాణదారు డబ్బు తిరిగి ఇచ్చాడు. ‘మాకు వచ్చినవి అలాగే వచ్చాయి సాబ్’ అన్నాడు. తనకు అలా వచ్చినదని తెలిసిన తరువాత మిగిలిన కార్డులను ఏం చేయాలన్నది అతని మనస్సాక్షికి విడిచి వచ్చాము. మన సోదరులలో ఫోన్ల దుకాణాలు, ఎలక్ట్రానిక్ వస్తువుల దుకాణాలు నడిపేవారు ఎందరో ఉన్నారు. అమ్మే ముందు పెట్టెలో నుండి ఒక్క కార్డు తీసి పరీక్షించుకోవడం వారికి కష్టమైన పని కాదు.

కొనేవారికి మరి కొన్ని మాటలు. స్విచ్‌కు యూహెచ్ఎస్-1 రకం మైక్రో ఎస్‌డీ కార్డు సరిపోతుంది. కార్డు మీద రోమన్ అంకె ఒకటి గుర్తు ఉంటుంది. సెకనుకు 60 నుండి 95 ఎంబీ వేగంతో చదివేది అయితే మంచిదని తయారీదారు చెబుతున్నారు. అంతకంటే వేగవంతమైన ఖరీదైన రకానికి డబ్బు పోయనవసరం లేదు. కొత్త కార్డును ఖాళీగా ఉండగానే పరీక్షించాలి. పాతదానిని పరీక్షించదలిస్తే అందులోనిది ముందు వేరే చోట కాపీ చేసుకోవాలి. 2025 జూన్‌లో వచ్చిన స్విచ్ 2 కొనేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. దానిలో ఆటలు దాచడానికి మైక్రో ఎస్‌డీ ఎక్స్‌ప్రెస్ అనే కొత్త రకం కార్డే కావాలి. ఇంట్లో ఉన్న పాత కార్డు అందుకు పనికిరాదు. పాత స్విచ్‌లో తీసిన చిత్రాలను, వీడియోలను తెచ్చుకోవడానికి మాత్రం ఉపయోగపడుతుంది.

ఇక ‘కార్డులో వంద ఆటలు ఎక్కించి ఇస్తాము’ అనే మాట. పీఎస్‌పీ కాలంలో మా తమ్ముడి కుమారుడి కార్డు కూడా అలా నింపించుకొన్నదే. అది ఇతరుల శ్రమను అడగకుండా తీసుకోవడం. పైగా యంత్రపు తాళం విరిచి దొంగ ఆటలు నడిపే స్విచ్‌లను నింటెండో వారు తమ ఆన్‌లైన్ సేవల నుండి నిషేధిస్తున్నారు. ఎవరో నింపి ఇచ్చిన కార్డులో ఆటల మధ్య ఇంకేమి దాగి ఉందో తల్లిదండ్రులకు తెలియదు. పది దొంగ ఆటల కంటే ఒక్క హలాల్ ఆట మేలు.

అబూ ఉమైర్ పిట్ట

యంత్రం సంగతి నేర్చుకోవడానికి మాకు వారం పట్టింది. ‘ఆటే కదా’ అన్న మాట సంగతి నేర్చుకోవడానికి ఇంకొంచెం ఎక్కువ కాలం పట్టింది.

ఒకనాడు మదరసాలో హదీసు పాఠం చెబుతుండగా అబూ ఉమైర్ వృత్తాంతం వచ్చింది. అనస్ (ర) గారి తమ్ముడు అతడు, చిన్న పిల్లవాడు. ఒక చిన్న పిట్టతో ఆడుకొనేవాడు. ఆ పిట్ట చనిపోయింది. ఆ ఇంటికి వచ్చిన దైవప్రవక్త (స) పిల్లవాడు దిగులుగా ఉండడం గమనించి, అతనిని పెద్దవారిని పిలిచినట్టు పిలిచి, పిట్ట సంగతి ఆప్యాయంగా అడిగారు. ఒక సమాజాన్ని నడిపించే బాధ్యత మోస్తున్న మహనీయుడు పిల్లవాడి పిట్ట కోసం ఆగారు. ఈ వృత్తాంతం నుండి ధర్మవేత్తలు ఎన్నో సూత్రాలు తీశారు. వాటిని మేము ఏళ్ళ తరబడి బోధిస్తున్నాము. ఆ రోజు మాత్రం బోధిస్తూ బోధిస్తూ మధ్యలో ఆగిపోయాము. ‘పిట్టే కదా’ అని వారు అనలేదు.

ఆ సాయంత్రం అసర్ తరువాత మనవరాలిని పిలిచి కూర్చోబెట్టుకొన్నాము. ‘అమ్మా, నిన్ను అడగకుండా నీది చెరిపేశాము. అది మా తప్పు. ఆ తరువాత ఆటే కదా అన్నాము. అది ఇంకా పెద్ద తప్పు. మమ్మల్ని క్షమించు’ అన్నాము. ఆమె కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, ‘మీకు తెలియదు కదా నానా. నేను కూడా ఎప్పుడూ చెప్పలేదు’ అంది. పెద్దవాళ్ళు క్షమాపణ అడిగితే పిల్లలు తమ మీద కూడా కొంత వేసుకొంటారు. అది చూసి మా తల మరింత వంగింది.

పెద్దరికం పోతుందన్న సంకోచంతో మనలో చాలామందిమి పిల్లలను క్షమాపణ అడగము. పరాయివారి వస్తువు పగలగొడితే నష్టపరిహారం ఇస్తాము. మన ఇంటి పిల్లల వస్తువు పోగొడితే బిస్కెట్టు ఇచ్చి మరిపిస్తాము. పిల్లల దగ్గర ఉన్నది కూడా వారి సొత్తే, మన చేతికి వచ్చినప్పుడు అది అమానతే. తెర మీది తోట అయినంత మాత్రాన దానికి పోసిన ఓపిక తెర మీదిది కాదు.

అప్పుడు ఆమె లేచి వెళ్ళి అత్తరు డబ్బాలోని పాత కార్డు తెచ్చింది. యువ ఉస్తాదు చెప్పినట్టు దానిని కంప్యూటరుకు పెట్టాము. ఆటలు పనికిరాకపోయినా, ఆడుతూ తీసిన చిత్రాలు ‘ఆల్బమ్’ అన్న ఫోల్డరులో మామూలు ఫొటోలలాగే ఉన్నాయి. నలభైకి పైగా ఉన్నాయి. వాటిలో ఒకటి నల్ల గులాబీ మొదట పూసిన నాటిది. మనవరాలు దానిని పెద్దది చేసి, మొక్కల వరుసలను వేలితో లెక్కపెట్టింది. ఎరుపు, ఎరుపు, ఒక ఖాళీ, మళ్ళీ ఎరుపు. నానీ చెప్పిన వరుస అది. కాగితం మీద గీసుకొంది.

ఇప్పుడు కొత్త ద్వీపంలో ఆ వరుస నాటుతున్నారు. అసర్ తరువాత అరగంట పాటు మేము కూడా పక్కన కూర్చొంటున్నాము. నీరు పోయవలసిన మొక్క ఏదో చెప్పే బాధ్యత మాకు అప్పగించారు. తరచూ తప్పు చెబుతున్నాము. నల్ల గులాబీ ఇంకా పూయలేదు.

పాఠకులారా, మీ ఇంట్లో ఇటువంటి యంత్రం ఉంటే ఈ రోజే పిల్లలను పిలిచి, ఏది ఎక్కడ దాచి ఉందో వారినే చెప్పమని అడగండి. సెట్టింగ్స్ గురించి తెలుస్తుంది. దానితో పాటు వారు అందులో ఏమి దాచుకొన్నారో కూడా తెలుస్తుంది. చెరిపే బొత్తాం నొక్కే ముందు ఆ బిడ్డ బడి నుండి వచ్చేవరకు ఆగండి.

అల్లాహ్ మన చేతికి వచ్చిన ప్రతి అమానతును, చిన్నవారిదైనా పెద్దవారిదైనా, కాపాడే బుద్ధిని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.